కరెంటు మాస్టారి మేకు

కరెంటు మాస్టారి ఇంట్లో ముందుగది గోడకు రెండు మేకులుండేవి. ఒకదానికి వాళ్ళావిడ సర్టిఫికెట్ అద్దాల ఫ్రేములో వేలాడుతూ ఉండేది. డ్రైవింగ్ నేర్పడానికి ఈవిడ అర్హురాలు అని పైన పెద్ద అక్షరాలు, కింద గుండ్రటి ముద్ర. రెండో మేకుకు ఏమీ లేదు. దాన్ని మాస్టారే ఒకప్పుడు, సుత్తితో మేకు మీద ఒక దెబ్బా బొటనవేలి మీద ఒక దెబ్బా వేసుకుంటూ, తన సర్టిఫికెట్ కోసమని దిగ్గొట్టాడు. సర్టిఫికెట్ రాలేదు. బొటనవేలి వాపు మాత్రం తగ్గింది.

ఖాళీ మేకు ఎందుకు దండగ అని ఆవిడ దానికి వానాకాలంలో గొడుగు, మిగతా కాలాల్లో కూరల సంచి తగిలించేది. ఆ సంచి చూసినప్పుడల్లా మాస్టారికి గుండెలో ఎక్కడో గుచ్చుకునేది. గుచ్చుకునేది ఆ మేకే.

మాస్టారు నేర్పేది ఎలక్ట్రిక్ గిటారు. అంత పొడుగు పేరు పలికే ఓపిక లేక వీధివాళ్ళు కరెంటు మాస్టారు అన్నారు. ఆ పుణ్యాన ఎవరింట్లో ఫ్యూజు పోయినా, ఫ్యాను తిరగనన్నా ఆయన తలుపే తట్టేవాళ్ళు. "నేను సంగీతం మాస్టారినండీ" అని మొదట్లో చెప్పి చూశాడు. "సంగీతం తర్వాత విందాం లెండి, ముందు ఫ్యూజు చూడండి" అన్నారు. ఇప్పుడాయన జేబులో స్క్రూడ్రైవరు లేకుండా గడప దాటడు.

వాళ్ళావిడ పేరు బ్రేకు మేడం. నేర్పే కారులో ఆవిడ కాళ్ళ దగ్గర రెండో బ్రేకు ఒకటి ఉంటుంది. మిగతా డ్రైవింగ్ స్కూళ్ళవాళ్ళు ఆ బ్రేకును హార్మోనియం తొక్కినట్టు తొక్కుతారు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, పాదం బ్రేకు మీద ఆనించి, ప్రాణం మీదికి వస్తే తప్ప నొక్కదు. ఊళ్ళో సగం మంది ఆవిడ దగ్గరే నేర్చుకున్నారు. మిగతా సగం మంది వాళ్ళకు దారి వదులుతారు.

మాస్టారు వాయించడంలో దిట్ట. ఆ మాట బ్రేకు మేడం కూడా ఒప్పుకునేది, ఆయన ఇంట్లో లేనప్పుడు. ఆయన వేళ్ళు తీగల మీద పరుగు తీస్తుంటే వినేవాళ్ళకు ఊపిరి తీసుకోవడం గుర్తుండదు. చిక్కంతా నేర్పడంలోనే. శిష్యుడు ఒక్క స్వరం పలికించబోయేసరికి "అలా కాదు నాయనా, ఇటివ్వు" అని గిటారు లాక్కుని, పాఠం మొత్తం తనే వాయించేసేవాడు. అందుచేత ఆయన శిష్యులకు గిటారు రాలేదు గానీ, చప్పట్లు మాత్రం తాళం తప్పకుండా కొట్టేవాళ్ళు.

ఇలా రోజులు సాఫీగా జరిగిపోతుండగా, సంగీత పాఠశాల పెద్దాయన మాస్టార్లందర్నీ కూర్చోబెట్టి ఒక కబురు చెప్పాడు. వచ్చే టర్మ్ నుంచి బోధనార్హత పరీక్ష పాసైనవాళ్ళకే క్లాసులు. "వాయించే చెయ్యి వేరు, నేర్పే చెయ్యి వేరు" అని, ఎందుకో కరెంటు మాస్టారి వైపే చూశాడు.

మాస్టారు కిందామీదా పడుతూ మేడమీది తన గదికి వెళ్తే, అక్కడ కొత్తగా చేరిన డిప్లొమా మాస్టారు టేపు పట్టుకుని గది కొలుచుకుంటున్నాడు. "ఊరికేనండీ, బీరువా పడుతుందో లేదో అని" అన్నాడు, చొరవగా నవ్వుతూ. ఆ గది కిటికీ పక్కన కుర్చీలో మాస్టారి జుట్టు నెరిసింది. ఆ కుర్చీ పోతే ఊళ్ళో ఆయనకు మిగిలేవి ఫ్యూజులే.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, టీ తాగుతున్న భార్య ఎదురుగా కూర్చున్నాడు.

"ఏమోయ్, నువ్వు నా గిటారు ఎప్పుడైనా ముట్టుకున్నావా?"

"దుమ్ము దులపడం లెక్కలోకి వస్తుందా?"

"రాదు."

"అయితే ముట్టుకోలేదు."

"అదే నాక్కావలసింది. పరీక్షలో మూడు గండాలున్నాయి. వాయించి చూపించడం, అది నాకు మంచినీళ్ళు. అడిగినదానికి జవాబు చెప్పడం, ఎలాగో లాగించేస్తాను. మూడోది, కొత్తగా నేర్చుకోవడానికొచ్చిన మనిషికి పరీక్షవాళ్ళ ఎదురుగా అరగంట పాఠం చెప్పాలి. ఆ ఏమీ రాని మనిషివి నువ్వు."

"పెళ్ళయిన ఇన్నాళ్ళకు నా గురించి ఒక మంచి మాట అన్నారు."

"పూర్తిగా వినవోయ్. ఇప్పట్నుంచే నీకు రోజూ గంట నేర్పుతాను. పరీక్షనాడు నువ్వు అసలేమీ రానట్టు కూర్చోవాలి. నేను పావుగంట చెప్పగానే గడగడా వాయించెయ్యాలి. వాళ్ళేమనుకుంటారు? పావుగంటలో ఒక మొద్దును..."

"మొద్దును?"

"మామూలు మనిషిని కళాకారిణిని చేశాడు, వీడురా మాస్టారంటే అనుకుంటారు."

"ఇది మోసం కాదూ?"

"మోసమెలా అవుతుంది? వచ్చింది దాచుకోవడం వినయం."

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి కాసేపు ఆయన్ని చూసింది. "సరే. నేర్పే పద్ధతి మీదే. నేను మధ్యలో మాట్లాడను" అంది. అన్నాక చిన్నగా నవ్వింది. ఆ నవ్వు మాస్టారు చూడలేదు. అప్పటికే గిటారు సంచి జిప్పు లాగుతున్నాడు.

ఇంట్లో ఇంకో మనిషి ఉంది. బ్రేకు మేడం తల్లి. వీధిలో ఆవిణ్ణి మైకత్తయ్య అంటారు. ఆవిడ చెవిన పడిన మాట వీధి చివరి కొట్టుకు చేరడానికి పట్టే సమయంలో మనిషి చెప్పులు కూడా తొడుక్కోలేడు. ఈ పథకం ఆవిడకు తెలిసిందా, పరీక్షవాళ్ళకు తెలిసినట్టే.

అక్కడే మాస్టారి బుర్ర పాదరసంలా పనిచేసింది. ఎలక్ట్రిక్ గిటారుతో సుఖమేమిటంటే, చప్పుడు పెంచే పెట్టె లేకుండా వాయిస్తే దోమ గుయ్యిమన్నంత చప్పుడు కూడా రాదు. పెట్టెకు హెడ్‌ఫోన్లు తగిలిస్తే తగిలించుకున్నవాడికే వినపడుతుంది. ఉన్నవి ఒక్క జతే హెడ్‌ఫోన్లు, అవీ ముసలివి. వాల్యూమ్ ఆఖరిదాకా తిప్పితే తప్ప నోరు విప్పవు. మాస్టారు వాటిని తన చెవులకు తగిలించుకుని, గిటారు భార్య ఒళ్ళో పెట్టి, తలుపు గడియ వేశాడు.

"నాకేమీ వినపడట్లేదండీ."

"వినాల్సింది నేను. నువ్వు వాయించు చాలు."

ఆవిడ వాయించింది. తన చేతి కింద ఏం పుడుతోందో తెలియదు కాబట్టి, తెలిసిన మనిషి మొహం చూడడం మొదలుపెట్టింది. స్వరం తప్పితే మాస్టారి ఎడమ కనుబొమ దిగుతుంది. బాగా తప్పితే అన్నంలో రాయి తగిలినట్టు దవడ ఆగిపోతుంది. సరిగ్గా పడితే మీసాల కొసలు పైకి లేస్తాయి. ఎదురొచ్చే డ్రైవరు మొహం చూసి వాడు ఎటు తిరుగుతాడో చెప్పగల మనిషికి మొగుడి మొహం ఒక లెక్కా? నాలుగు రోజుల్లో ఆవిడ మీసాల కొసలు దించకుండా వాయించేస్తోంది. మాస్టారు ఉబ్బిపోయాడు. తనలో ఇంత గొప్ప గురువున్నాడని ఆయనకే తెలియదు.

ఐదోరోజు ఆవిడ వేళ్ళు చూపించింది. "మండుతున్నాయండీ."

తీగలు నొక్కే మనిషి వేళ్ళు నీళ్ళలో నానకూడదు. నానితే తీగ చాకులా కోసేస్తుంది. ఇది గిటారువాళ్ళందరికీ తెలిసిన సంగతి. మాస్టారికి తెలియకపోతే ఎంత బావుండేది.

"ఇవాళ్టినుంచి గిన్నెలు నేను తోముతాను" అన్నాడు.

ఆయన తోమిన గిన్నె మూత తీయకుండానే నిన్నటి కూర ఏదో చెప్పేయొచ్చు. బ్రేకు మేడం పక్కన స్టూలు వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆయన తోమిన పళ్ళెం ఎత్తి, కిటికీ వెలుతురుకు పట్టి చూసేది. ఏమీ అనేది కాదు. మళ్ళీ తొట్లో పెట్టేది.

"ఏమైంది?"

"ఏం కాలేదు. మీరు కానివ్వండి."

మంట తగ్గేసరికి ఇంకో బెంగ పట్టుకుంది. ఆవిడ ఎడమచేతి వేళ్ళ కొసలు కాయలు కాశాయి. పరీక్ష చేసేవాళ్ళు గిటారు మనుషులు. ఒక్క చూపుకే పట్టేస్తారు. దాంతో గిన్నెలయ్యాక మాస్టారు గోరువెచ్చని నూనె తెచ్చి, నేల మీద కూర్చుని, ఒక్కొక్క వేలి కొసనూ మర్దనా చేయడం మొదలుపెట్టాడు.

"చిటికెనవేలు మర్చిపోయారు."

"చిటికెనవేలితో నువ్వు వాయించట్లేదు కదోయ్."

"దానికి మనసు లేదా?"

సరిగ్గా అప్పుడే మైకత్తయ్య మంచినీళ్ళకని వచ్చి, అల్లుడు కూతురి కాళ్ళ దగ్గర కూర్చుని వేళ్ళు ఒత్తడం చూసింది. తొట్లో తోమిన గిన్నెలూ చూసింది. నీళ్ళు తాగకుండానే బయటికి వెళ్ళిపోయింది.

మర్నాటికి వీధిలో మొగుళ్ళకు మర్యాద పోయింది. "కరెంటు మాస్టారు చేస్తుంటే నీకేం మాయరోగం" అని ప్రతి ఇంట్లో ఒకటే పాట. సాయంత్రానికి ముగ్గురు మగవాళ్ళు మాస్టారి గుమ్మం ముందు నిలబడ్డారు, దర్జీ, మెకానిక్కు, రిటైరైన పోస్టుమాను.

"మాస్టారూ, మీ పని కరెంటు. ఈ గిన్నెల డిపార్టుమెంటు మీకెందుకండీ?" అన్నాడు మెకానిక్కు.

"మా ఇంట్లో పొద్దుట్నుంచీ టీ లేదు" అన్నాడు దర్జీ.

"నాకు నూనె సీసా ఇచ్చి కూర్చోమంది. ఈ మోకాళ్ళతో నేల మీద కూర్చుంటే మళ్ళీ లేపేదెవరు?" అన్నాడు పోస్టుమాను.

అసలు కారణం చెబితే కొంప మునుగుతుంది. మాస్టారు "ప్రేమండీ" అనేసి తలుపు వేసుకున్నాడు. వెనక్కి తిరిగితే బ్రేకు మేడం నిలబడి ఉంది. "ఏమన్నారు?" అంది. "ఫ్యూజు పోయిందట" అన్నాడు.

పరీక్షరోజు వచ్చింది. నేనూ వస్తానని మైకత్తయ్య ఫ్లాస్కుతో సహా బయల్దేరింది. వరండాలో బెంచీ మీద ఆవిణ్ణి కూర్చోబెట్టి, కదలొద్దని రెండుసార్లు చెప్పి, మాస్టారు లోపలికి వెళ్ళాడు.

పరీక్షాధికారి ఒక పెద్దావిడ. తెల్లజుట్టు, దారానికి కట్టి మెళ్ళో వేసుకున్న కళ్ళద్దాలు. ఎడమచేతి వేళ్ళ కొసలు గోళీకాయల్లా ఉన్నాయి. మాస్టారు ఆ కొసలు చూసి, జేబులోని నూనె సీసాకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

ముందు వాయించి చూపించాడు. ఆ గదిలో ఆవేళ ఆయన వాయించిన తీరు ఇప్పటికీ ఆ గోడలకు గుర్తుండే ఉంటుంది. పెద్దావిడ పెన్ను పక్కన పెట్టేసింది. బల్ల కింద ఆవిడ పాదం తాళం వేసింది. గుమ్మంలో నిలబడిన బ్రేకు మేడం, ఎవరూ చూడట్లేదనుకుని, కాస్త మెడ ఎత్తి నిలబడింది. ప్రశ్నలూ గట్టెక్కాయి. మూడోది మిగిలింది.

"ఈమె గిటారు ఎన్నడూ ముట్టుకోలేదండీ" అన్నాడు మాస్టారు.

"మీకేమవుతారు?"

"మా ఆవిడండీ."

పెద్దావిడ కళ్ళద్దాలు సర్దుకుంది. "ఇంట్లో గిటారు ఉండి కూడానా అమ్మా?"

"దుమ్ము దులుపుతుంటానండీ" అంది బ్రేకు మేడం.

మాస్టారు గిటారు తెచ్చి వైరు పెట్టెకు తగిలించాడు. ఈ పెట్టె ఇంట్లోదానికి తాతలాంటిది. ఇంటి అలవాటు కొద్దీ చెయ్యి దానంతటదే వెళ్ళి వాల్యూమ్‌ను ఆఖరిదాకా తిప్పేసింది. బ్రేకు మేడం కూడా ఇంటి అలవాటు కొద్దీ, వినపడని వాయిద్యాన్ని వాయించే మనిషి ఎంత బలంగా వాయిస్తుందో అంత బలంగానూ ఒక్కటి లాగింది.

కిటికీ అద్దాలు గడగడలాడాయి. పెద్దావిడ కళ్ళద్దాలు మెడలో ఊయలూగాయి. బ్రేకు మేడం గిటారును బిడ్డను పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుని, "ఇది నేనేనా?" అంది.

తలుపు తోసుకుని మైకత్తయ్య ఫ్లాస్కుతో పరుగెత్తుకొచ్చింది.

"ఏం పేలిందే?"

"ఏం పేలలేదమ్మా. నేనే."

"నువ్వేమిటి? ఇంట్లో ఇన్నాళ్ళూ రోజూ గంటసేపు తలుపేసుకుని వాయించావు కదా, సందులోంచి చూస్తూనే ఉన్నాను, చిటుక్కుమన్న పాపాన పోలేదు. ఇక్కడ దీనికేం వచ్చింది?"

మాస్టారికి కళ్ళముందు మేకు కనిపించింది. మేకుకు సంచి, సంచి పక్కన టేపు పట్టుకున్న డిప్లొమా మాస్టారు కనిపించారు. తప్పు ఒప్పేసుకుందామని నోరు తెరిచాడు.

అంతలో పెద్దావిడ అద్దాలు తుడుచుకుంది. "అమ్మా, మీరు ఆ కుర్చీలో కూర్చోండి. మాస్టారూ, మీ అరగంట నడుస్తోంది. కానివ్వండి" అంది.

మాస్టారు వాల్యూమ్ తగ్గించి, ఎదురుగా కూర్చున్నాడు. బ్రేకు మేడం మొదలుపెట్టింది. అలవాటుగా ఆయన మొహం చూసింది. చూస్తే ఏముంది, కనుబొమలు రెండూ దిగిపోయాయి, దవడ బిగుసుకుపోయింది, మీసాలు తడిసిన చీపురులా వేలాడుతున్నాయి. సరైన స్వరం వేస్తే తప్పేమో అనుకుని మార్చింది. మార్చింది నిజంగానే తప్పింది. అది విని ఆయన మొహం ఇంకాస్త పాడైంది. అది చూసి ఆవిడ ఇంకాస్త మార్చింది.

"అమ్మా, మీరు తీగల వైపు చూడరేం?" అంది పెద్దావిడ.

"నేను నేర్చుకున్నది ఈయన మొహం మీదేనండీ."

"మాస్టారూ, మీరు లేచి ఆవిడ వెనక్కి వెళ్ళి కూర్చోండి."

మాస్టారు వెనక్కి వెళ్ళాడు. బ్రేకు మేడానికి ఎదురుగా ఇప్పుడు ఖాళీ గోడ ఒక్కటే ఉంది. ఒక స్వరం లాగింది, తప్పు. ఇంకోటి లాగింది, అదీ తప్పే. మాస్టారి చేతులు దురదపెట్టాయి. అలా కాదు, ఇటివ్వు అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. లేచి గిటారు మీదికి చెయ్యి చాపాడు.

బ్రేకు మేడం వెనక్కి తిరగలేదు. నాలుగు రోడ్ల కూడలిలో వణికిపోయే కొత్తవాళ్ళతో ఏ గొంతుతో మాట్లాడుతుందో ఆ గొంతుతోనే అంది.

"చేతులు ఒళ్ళో పెట్టుకోండి."

మాస్టారు కూర్చున్నాడు. "మరి నేనేం చెయ్యాలి?"

"నాకు వినపడడం ఇవాళే మొదలు. కాస్త విననివ్వండి."

ఆ మాట మాస్టారికి పెట్టె వాల్యూమ్ కన్నా గట్టిగా తగిలింది. నిజమే. ఇన్నాళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. ఒక్కరోజైనా హెడ్‌ఫోన్లు తీసి ఆవిడ చెవికి పెట్టలేదు. మేడమీది గదిలో అన్నేళ్ళు నేర్పాడు. ఒక్క శిష్యుణ్ణైనా వాడి తప్పు వాణ్ణి విననివ్వలేదు.

ఎలాగూ పరీక్ష పోయినట్టే. పోయినదానికి భయమెందుకు? ఆయన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, గురువుగా పుట్టాక మొట్టమొదటిసారి శిష్యురాల్ని ఒక ప్రశ్న అడిగాడు.

"ఇప్పుడు వాయించింది నీకెలా వినపడింది?"

"గేరు సగంలో ఇరుక్కున్నట్టుంది."

"పైకి వెయ్యాలా, కిందికా?"

ఆవిడ ఇంకోసారి లాగి విన్నది. "పైకి."

"ఎన్ని మెట్లు?"

"ఒక్కటి."

"నువ్వే చూడు మరి."

ఆవిడ వేలు ఒక మెట్టు జరిపింది. స్వరం వెళ్ళి దాని చోట్లో అది కూర్చుంది. "ఆ, పడింది" అంది ఆవిడ, మెల్లగా.

"పడిందని ఎవరు చెప్పారు?"

"అదే చెప్పింది."

"అయితే ఇంక నాతో పనేముంది? నీకు బాగా తెలిసిన పాట ఏదైనా వెతుక్కో."

బ్రేకు మేడం ఆలోచించింది. రోజంతా చెవిలో మోగే పాట ఆవిడకు ఒక్కటే ఉంది. నేర్పే కారు వెనక్కి వెళ్ళేటప్పుడు అది పాడుకునే పాట. ఒక్కొక్క స్వరమే వెతుక్కుంది. రెండుచోట్ల తప్పింది. తప్పిన చోట తనే ఆగి, విని, దిద్దుకుంది. చివరికి మొత్తం పాట మొదట్నుంచి చివరిదాకా సాఫీగా వాయించింది.

మైకత్తయ్య గబుక్కున లేచి కుర్చీ పక్కకు జరుపుకుంది.

పెద్దావిడ నవ్వు ఆపుకోలేకపోయింది. వెనక కూర్చున్న మాస్టారి మొహం ఆవిడకు మాత్రమే కనపడుతోంది. మీసాల కొసలు చెవుల దాకా వెళ్ళాయి. తను వాయించినప్పుడు చప్పట్లు విని ఆయన చాలాసార్లు పొంగిపోయాడు. ఇది ఆ పొంగు కాదు. ఇందులో తన వేలు ఒక్కటి కూడా కదలలేదు.

"మేడం, ఒక మాట" అన్నాడు లేచి. "ఆవిడకు ముందే నేర్పానండీ. తప్పు నాదే."

"తెలుసండీ. మీ ఆవిడ మొదటివారమే మాకు ఫోన్ చేసి అడిగారు. కొత్తగా నేర్చుకుంటున్న మనిషైతే చాలు, అసలేమీ రాకూడదని ఎక్కడా లేదని చెప్పాం. ఎన్నడూ ముట్టుకోలేదని మీరన్నప్పుడే నాకు అర్థమైంది, ఆవిడ ఆ సంగతి మీ చెవిన వెయ్యలేదని."

మాస్టారు భార్య వైపు తిరిగాడు. ఆవిడ గిటారు మీద లేని దుమ్ము దులుపుతోంది.

"ఆ అబద్ధానికి కొన్ని మార్కులు కోస్తాను" అంది పెద్దావిడ. "చేతులు ఒళ్ళో పెట్టుకున్నాక మీరు చెప్పిన పాఠానికి మాత్రం కోయడానికేమీ లేదు."

సర్టిఫికెట్ వచ్చింది. మాస్టారు మేకుకున్న కూరల సంచి తీసి భుజాన వేసుకుని, ఫ్రేము తగిలించి, వెనక్కి నడిచి చూసి, ముందుకొచ్చి సర్ది, మళ్ళీ వెనక్కి నడిచాడు. మేడమీది గదిలో డిప్లొమా మాస్టారు టేపు చుట్టేసుకున్నాడు. మా అల్లుడు పాసయ్యాడని మైకత్తయ్య వీధంతా చెప్పింది. "ఇంక లైసెన్సు కూడా వచ్చిందిగా, మా మీటరు ఒకసారి చూడండి" అని ముగ్గురొచ్చారు.

ఆ సాయంత్రం మాస్టారు గిన్నెల తొట్టి దగ్గర నిలబడ్డాడు. అలవాటైపోయింది. బ్రేకు మేడం పక్కన స్టూలు మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ముందే తెలుసు కదా నీకు?"

"తెలుసు."

"వేళ్ళు దాచక్కర్లేదనీ తెలుసు. మరి ఆ నూనె?"

"బావుండేది."

"పోనీ అది సరే. ఇన్నాళ్ళూ ఈ గిన్నెలు నాచేత ఎందుకు తోమించావు?"

"మీరు అప్పుడప్పుడే చెయ్యి తిప్పుకుంటున్నారు. నేర్చుకునే మనిషిని మధ్యలో ఆపి చెయ్యి పెడితే చెడిపోతాడు. అందుకని ఒళ్ళోంచి చేతులు తీయకుండా కూర్చున్నాను. నాకూ ఒక సర్టిఫికెట్ ఉంది కదండీ."

మాస్టారు తోమిన పళ్ళెం ఒకటి అందించాడు. ఆవిడ దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది. ఈసారి తొట్లో పెట్టలేదు. లేచి అలమరలో పెట్టింది.

మాస్టారి మీసాల కొసలు పైకి లేచాయి.

ఆవిడ చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని ముందుగదిలోకి వెళ్ళింది. కాసేపటికి అక్కడినుంచి, హెడ్‌ఫోన్లు లేకుండా, కారు వెనక్కి వెళ్ళే పాట వినపడింది. దాని వెంటే మైకత్తయ్య కుర్చీ జరుపుకున్న చప్పుడు. మూడో స్వరం కాస్త తప్పింది. మాస్టారి చేతులు లేచాయి. మళ్ళీ బుద్ధిగా నీళ్ళలోకి దిగి ఇంకో పళ్ళెం అందుకున్నాయి.